రెండో రిబ్బన్

గులాబీ రంగు కావాలని ఎవరైనా అంగడి మెట్లెక్కితే నాకు మొదట చిరాకే వస్తుంది. ఏ గులాబీ అమ్మా అని అడుగుతాను. బేబీ పింకా, ఉల్లిపొర రంగా, రాణీ రంగా, తామరపువ్వు రంగా? ప్రొద్దుటూరులో మ్యాచింగ్ సెంటర్ నడపడమంటే ఇదే. చీర తెచ్చి బల్ల మీద పరిచిన మనిషికి, దానికి అచ్చంగా కలిసే జాకెట్ గుడ్డ తీసివ్వాలి. తీయలేకపోతే ఆమె చీర మడుచుకుని ఎదురంగడికి పోతుంది. పాతికేళ్లుగా ఆ పని చేస్తున్నాను. ట్యూబులైటు కింద కలిసినట్టు కనబడి, ఎండలోకి పోగానే విడిపోయే రంగులన్నీ నాకు తెలుసు. మా ఆయన బిల్లు రాస్తాడు, రంగు నేను చెబుతాను. ఇంట్లో కూడా అంతేనని ఆయన వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్విస్తుంటాడు.

అలాంటి నా దగ్గరికి డాక్టరమ్మ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. ఆమెది కోస్తా. మా ఊళ్లో ఆసుపత్రి పెట్టి చాలా ఏళ్లయినా ఆమె నోట 'అండీ' పోలేదు. జబ్బుల గురించి జనానికి తెలియజెప్పడానికి లోకమంతా రిబ్బన్లు పెట్టుకుంటారట, ఒక్కో జబ్బుకు ఒక్కో రంగట. ఎరుపు ఎయిడ్స్‌కు. గులాబీ రొమ్ము క్యాన్సర్‌కు. బంగారు రంగు పిల్లలకొచ్చే క్యాన్సర్లకు. ఆకుపచ్చ మనసు జబ్బులకు. తెల్లది ఆడవాళ్ల మీద చెయ్యెత్తబోమని మగవాళ్లు ఒట్టుపెట్టి పెట్టుకునేది. ఆమె నెమలిపింఛం రంగు అని రాసుకొచ్చినది మా అంగట్లో రామా గ్రీన్, అది అండాశయం క్యాన్సర్‌కు. "తెలుపును ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కూడా వాడతారండీ" అంది. ఒకే రంగును రెండింటికి వాడితే చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుందని నేను తగులుకున్నాను. "అందుకే కదండీ, పెట్టుకున్నవాళ్లు పక్కన నిలబడి చెప్పాలి" అంది. ఆ మాట అప్పుడు నేను చెవిన పెట్టలేదు.

మొదటి ఏట డాక్టరమ్మా నేనూ కలిసి బంగారు రంగు రిబ్బన్లు పంచాం. శాటిన్‌లో బంగారు రంగు ఎండ తగిలితే మెంతి రంగులోకి, అక్కణ్ణుంచి పసుపులోకి దిగుతుంది. మా జిల్లాలో మనిషి గుండె మీద రంగుగుడ్డ కనబడితే ఏ జబ్బు అని ఎవరూ అడగరు, ఏ పార్టీ అని అడుగుతారు. బస్టాండులో ఒక పెద్దాయన రిబ్బన్ పెట్టుకున్న నర్సమ్మను ఆపి, "ఏం పాపా, నువ్వు గూడా చేరితివా?" అన్నాడు. సాయంత్రానికి సగం రిబ్బన్లు పిన్నీసులతో సహా వెనక్కి వచ్చాయి. నీలం మాట ఎత్తొద్దని డాక్టరమ్మకు నేనే చెప్పాను. గులాబీకి మా వైపు పార్టీ లేదు కాబట్టి గులాబీ మీద పడ్డాం. రొమ్ము క్యాన్సర్ పరీక్షల శిబిరాలు పెట్టి, వచ్చిన ఆడవాళ్లకు రిబ్బన్ పెట్టి పంపించడం మొదలుపెట్టాం.

నేను చెప్పబోయేది మూడో ఏటి సంగతి. ఆ ఏట శిబిరాలు మూడు చోట్ల పెట్టాం. ప్రొద్దుటూరులో మా వాళ్లంతా పట్టుచీరలు కట్టుకుని వచ్చి, హారాల పక్కన రిబ్బన్‌ను ఇంకో నగలాగా పెట్టుకుని ఫోటోలు దిగారు. పరీక్షకని పరదా వెనక్కి పోయినవాళ్లు తక్కువ. రెండోది జమ్మలమడుగులో. అది నేను పుట్టిన ఊరు. శిబిరం పెట్టింది మా అమ్మ బతికిన వీధికి రెండు సందుల అవతలే. రిబ్బన్ల డబ్బా నర్సమ్మ చేతికిచ్చి, తలనొప్పని చెప్పి మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేశాను.

తలనొప్పి లేదు. మా అమ్మ రొమ్ములో గడ్డను మూడేళ్లు పైటచాటున దాచుకుంది. నాకు తెలిసేసరికి అది పుండైపోయింది. ఆమె పోయిన తర్వాత నా ఒంటిని నేను సరిగ్గా ముట్టుకోలేదు. స్నానం చేసేటప్పుడు కూడా అక్కడ సబ్బు గబగబా రుద్ది నీళ్లు పోసేసుకుంటాను. చెయ్యి పెడితే తగులుతుందేమోనని భయం. పెట్టకపోతే లేదనే ధైర్యం. ఊరూరికీ గులాబీ రిబ్బన్లు మోసిన మనిషిని, డాక్టరమ్మ పరదా వెనక్కి ఒక్కసారి కూడా పోలేదు. నన్నెవరూ అడగలేదు. రిబ్బన్లు పెట్టే మనిషి చూపించుకోకుండా ఉంటుందని ఎవరనుకుంటారు.

మూడో శిబిరం పులివెందుల అవతల, చీనీ బత్తాయి తోటలన్నీ దాటిపోయాక, గొర్రెలు మేపుకునేవాళ్ల పల్లెలో. బడి వరండాలో పరదా కట్టాం. అక్కడ జనం బాగా వచ్చారు. పరీక్ష అయినవాళ్లకు బలం మాత్రలు ఇస్తున్నారని తెలిసి కొందరు రెండోసారి వరుసలో నిలబడుతుంటే, నాకు కోపం వచ్చింది. పరీక్ష అయినవాళ్ల ఎడమ భుజం మీద రిబ్బన్ గుచ్చుతాను, రిబ్బన్ ఉన్నవాళ్లు మళ్లీ వరుసలోకి రాకూడదని చెప్పాను. అంతవరకు బాగానే జరిగింది.

మధ్యాహ్నం ఒకామె లోపలికి పోయింది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది, బక్కగా, ఎండకు మాడిన మనిషి. వరుసలో ఉన్నంతసేపూ పక్కవాళ్లను నవ్విస్తూనే ఉంది. ఆమె దగ్గర డాక్టరమ్మ ఎక్కువసేపు ఉండిపోయింది. పరదా పక్కకు జరిపి, నాకు మాత్రమే వినబడేట్టు, "ఈమెకు గడ్డ ఉందండీ. స్కానింగు, సూదిపరీక్ష చేయాలి. కాగితం రాయకుండా వెళ్లనివ్వకండి" అంది.

అంగట్లో మాకు ఒక అలవాటు ఉంది. తానులో ఎక్కడైనా పోగు తెగినా, మరక పడినా, అక్కడ అంచుకు ఒక రంగు దారం కడతాం. మళ్లీ చూడాలని గుర్తు. ఆ క్షణంలో నా చేతులకు ఆ అలవాటే వచ్చింది. ఆమె భుజం మీద ఒక రిబ్బన్ గుచ్చి, దాని కిందనే రెండోది గుచ్చాను. రెండు రిబ్బన్లు ఉన్నామెకు కాగితం రాసివ్వమని నర్సమ్మకు కేకేశాను.

ఆమె తన భుజం వైపు చూసుకుంది, చుట్టూ ఉన్నవాళ్ల భుజాలవైపు చూసింది. ఆమె నడిచిపోతుంటే వరుసలోని ఆడవాళ్లు పక్కకు జరిగారు. ఆమె అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జబ్బు ఉందని ఊహించి అలా అయిపోయారని నేననుకున్నాను. ఆరోజు రెండో రిబ్బన్ పడింది ఆమెకు ఒక్కదానికే.

బుధవారం ప్రొద్దుటూరుకు రమ్మని కాగితం మీద రాశాం. బుధవారం రాలేదు. ఆ తర్వాతి బుధవారం కూడా రాలేదు. ఇచ్చిన ఫోన్ నంబరుకు చేస్తే ఎత్తలేదు. "గడ్డ చిన్నదేనండీ. కాని ఇలాగే వదిలేస్తే చిన్నదిగా ఉండదు" అని డాక్టరమ్మ రోజూ నాతో అంటోంది, నేనేదో ఆమెను బీరువాలో దాచిపెట్టినట్టు.

అదే వారం ఆ పల్లె నుంచి ఒకామె చీరలకు ఫాల్ కొనడానికి మా అంగడికి వచ్చింది. ఆమెను అడిగాను.

"యాడికొస్తాది శెట్టెమ్మా, రంగు పడినాక" అంది ఫాల్ గుడ్డను వేళ్ల మధ్య నలుపుతూ. "వాళ్లత్త గిన్నెలు గూడా ముట్టనీడంల్యా. గొర్రెల దొడ్డికాడనే ఉంటాంది."

"రంగు పడడం ఏంది?"

"అమ్మేసిన గొర్రెకు ఏస్తారు గదా. నువ్వే ఏస్తివంట."

ఫాల్ కత్తిరించాల్సినదానికంటే జానెడు ఎక్కువ కత్తిరించాను. మరుసటి పొద్దున మా ఆయనకు అంగడి అప్పగించి బస్సెక్కాను. జమ్మలమడుగులో దిగి, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు పట్టుకుని, అక్కణ్ణుంచి ఆటోలో పల్లెకు పోయాను. దారిపొడవునా ఆమెను ఏమని ఒప్పించాలో మనసులో మాటలు అల్లుకుంటూనే ఉన్నాను.

ఆమె కంపచెట్ల దడి కట్టిన దొడ్డిలో గొర్రెపిల్లలకు ఆకు వేస్తోంది. నన్ను చూసి లేవలేదు. నేను దడి బయటే నిలబడ్డాను.

"ఏం మ్మే, బుధవారం రాకపోతివే?"

ఆమె గొర్రెపిల్లలతో చెబుతున్నట్టు తల వంచుకునే మాట్లాడింది.

"మాకాడికి బేరగాడు వస్తాడు శెట్టెమ్మా. మందలో తిరుగుతాడు. ఒకోదాన్ని పట్టుకోని చేత్తో ఒత్తి చూస్తాడు. కావాల్సినదాని ఈపున రోజా రంగు పూసి పోతాడు. మళ్లా దినం బండి వస్తాది. రంగు పడినవి ఎక్కుతాయి." అప్పుడు తలెత్తింది. "మీ డాక్టరమ్మ ఒత్తి చూసె. నువ్వు రంగు ఏస్తివి. అందరికీ ఒకటేసి, నాకు రెండేస్తివి. మా పల్లెలో దాన్ని ఇంకెట్లా అనుకుంటారు?"

రంగులన్నీ నాకే తెలుసని పాతికేళ్లు బల్ల వెనక కూర్చున్నాను. గులాబీకి మా వైపు ఇంకో అర్థం లేదని నేనే తేల్చి చెప్పాను. పక్కన నిలబడి చెప్పాలన్న డాక్టరమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. తప్పు నాదేనని, మా అంగట్లో గుడ్డకు దారం కట్టినట్టు కట్టానని, సిగ్గుపడుతూ చెప్పాను. అది అమ్మే గుర్తు కాదు, మళ్లీ చూడాలనే గుర్తు అన్నాను. ఆమె విన్నదో లేదో తెలియలేదు. ఆ తర్వాత ఏ శిబిరంలోనూ రెండో రిబ్బన్ పెట్టలేదు గాని, అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

ఆమె పక్కన ఒక ముసలి గొర్రె ఉంది. దాని మెడకు నల్ల ఉన్నితో పేనిన తాడు. మాట మార్చడానికి దానికి ఆ తాడెందుకని అడిగాను.

"అది అమ్మేది కాదు. మాయమ్మ నాకిచ్చిన గొర్రె కడుపున పుట్టింది. తాడు చూస్తే బేరగాడు చెయ్యి గూడా ఏయడు" అని, నా కళ్లలోకి సూటిగా చూసి అడిగింది. "నువ్వు సూపిచ్చుకున్నావా?"

"ఓ. ఏటేటా చూపిచ్చుకుంటాను" అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. అంగట్లో రంగు అచ్చంగా కలవకపోయినా, ఎండకు చూడమ్మా కలిసిపోతుంది అంటుంటాం, అదే గొంతుతో చెప్పాను. ఆమె నమ్మింది. బుధవారం వస్తానంది.

వచ్చింది. భర్త కూడా వచ్చాడు. ఆయన చేతిసంచి ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేమిద్దరం స్కానింగు గది ముందు బల్ల మీద కూర్చున్నాం. నర్సమ్మ వచ్చి లోపలికి రమ్మంది. ఆమె లేవలేదు. నా వైపు తిరిగింది.

"నీకేం జేసిరో చెప్పు. సూది యాడ గుచ్చిరి? నొప్పి ఎంతసేపుండె?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. సూది గుచ్చాల్సిన అవసరం నాకు రాలేదనొచ్చు. కాని ఆమె నా ముఖం చూస్తోంది, గొర్రెకు ఒంట్లో బాగుందో లేదో కళ్లు చూసి చెప్పే మనిషి.

"నేను చూపిచ్చుకోలేదు మ్మే. నీకు అబద్ధం చెప్పినా."

ఆమె లేచింది. భర్త కూడా సంచి పట్టుకుని లేచాడు. "పోదాం పా, పన్నెండింటి బస్సు దొరుకుతాది" అన్నాడు ఆయన, ఆ మాట కోసమే పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నట్టు. వాళ్లిద్దరూ మెట్లవైపు నడిచారు. ఇప్పుడు పోతే ఈ మనిషి మళ్లీ రాదు. మా అమ్మ కూడా ఒకసారి ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి, జనం ఎక్కువగా ఉన్నారని వెనక్కి పోయిందని ఆమె పోయాక నాకు తెలిసింది. నేను పోయి మెట్ల మీద అడ్డం నిలబడ్డాను. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు చూస్తున్నారు. మా అమ్మ సంగతి అంతా చెప్పాను. పైటచాటు, పుండు, వాసన తెలియకుండా ఆమె పూసుకున్న గంధం, అన్నీ. మా ఆయనకు కూడా చెప్పని భయం, స్నానాలగదిలో భయం, ఆ మెట్ల మీద ఆ ఇద్దరికీ చెప్పాను. అరిచినట్టే చెప్పాను.

ఆమె ముఖం మెత్తబడలేదు. కోపంగానే ఉంది.

"మా మందకంతా రంగేస్తివి. నీ ఒంటికి నువ్వు ఏసుకోలేదు" అంది. స్కానింగు గది తలుపు వైపు గడ్డం చూపించింది. "పో. ముందు నువ్వు పో. నువ్వు బయటికొచ్చినాక నేను పోతా."

పోయాను. నన్ను చూసి డాక్టరమ్మ పరదా వేసి, జాకెట్ తీయమంది. ఆ చల్లటి పలక, ఊపిరి బిగబట్టమనడం, ఆ నొక్కుడు. ఒక చోట డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఆగినంతసేపూ నేను పైకప్పు మీద సున్నం పెచ్చులు చూస్తూ మా అమ్మను తలుచుకున్నాను. మళ్లీ ఆ చెయ్యి కదిలింది. నొప్పి మొత్తం మూడు నాలుగు నిమిషాలే.

బయటికొచ్చేసరికి వాళ్లిద్దరూ బల్ల మీదనే ఉన్నారు. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నేను జాకెట్ హుక్కులు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాను. ఆమె నన్ను దగ్గరికి లాక్కుని, నా కొంగు చాటు చేసి, ఆ హుక్కులు సరిచేసింది. తర్వాత నర్సమ్మ వెంట లోపలికి పోయింది.

ఆమె సూదిపరీక్ష రిపోర్టు, నా స్కానింగు రిపోర్టు రావడానికి వారం పైనే పట్టింది. ఆ రోజుల్లో అంగట్లో ఎవరైనా రాణీ రంగు అడిగితే నేను తామరపువ్వు రంగు తీశాను. చివరికి డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మీది బాగుందండీ, ఏమీ లేదు" అంది. ఆ తర్వాత ఆగింది. ఆ ఆగడంలోనే నాకు తెలిసిపోయింది. నాకేమీ లేదన్న మాటకు సంతోషం కలగలేదు, ఏదో దొంగతనం చేసి దొరక్కుండా తప్పించుకున్నట్టుంది. ఆమెది క్యాన్సరే. ఇంకా తొలి దశలోనే ఉందని, వెంటనే కడపలో ఆపరేషన్ చేయించాలని చెప్పింది. ఫోన్‌లో చెప్పే మాట కాదు, నేనే పోయి చెబుతానన్నాను.

ఆ రోజు దొడ్డిలో భార్యాభర్తలు గొర్రెలకు పొట్టపురుగులు పోయే నట్టల మందు తాపుతున్నారు. ఆయన గొర్రెను కాళ్ల మధ్య బిగించి మూతి పైకెత్తితే, ఆమె మందు పోస్తోంది. మందు తాగినదాని నుదుటికి నీలిరంగు చుక్క పెట్టి వదులుతున్నారు, రెండోసారి తాపకుండా. ఆటో దిగిన నన్ను ఆమె దూరం నుంచే చూసింది. నేను దడి దాకా పోయి నిలబడ్డాను. చెప్పనక్కర్లేకపోయింది, నా ముఖం చూసే తెలుసుకుంది.

మిగిలినవి ఆరేడు గొర్రెలు ఉన్నాయి. అన్నింటికీ మందు తాపింది. ఒక్కదానికి కూడా మందు ఒలకలేదు. చేతులు కడుక్కుని, ముసలి గొర్రె దగ్గరికి పోయి, దాని మెడలోని నల్ల తాడు ముడి విప్పింది. ఆ తాడును తన ఎడమ చేతి మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, ముడి వేయమని భర్తకు చెయ్యి చాపింది. ఆయన ముడి వేస్తూ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు.

"ఎప్పుడు పోవాల?" అని నన్ను అడిగింది.

సోమవారం పోయాం, ముగ్గురం. ఆపరేషన్ గదికి తీసుకుపోయే ముందు అక్కడి నర్సు, ఒంటి మీద ఏమీ ఉండకూడదని, మట్టెలు, గాజులు తీయించింది. తాడు ముడి బిగుసుకుపోయి రాకపోతే కత్తెర తెచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కొయ్యొద్దు" అని ఆ చెయ్యి నా ముందు పెట్టింది. పాతికేళ్లు దారాల చిక్కులు తీసిన గోళ్లు నావి. నెమ్మదిగా విప్పాను. "నీ చేతికి కట్టుకో. నేనొచ్చేదాకా తీయొద్దు" అంది. భర్త నా మణికట్టుకు కట్టాడు. చక్రాల మంచం తలుపుల వెనక్కి పోయింది.

ఆయన ఒక గోడ వారన, నేను ఒక గోడ వారన కూర్చున్నాం. నా చేతి నుంచి గొర్రె వాసన వస్తోంది. చుట్టుపక్కల కూర్చున్నవాళ్లు నా తాడు వైపు, నా చీర వైపు మార్చి మార్చి చూశారు. ఎంతసేపు గడిచిందో తెలియదు. డాక్టరు బయటికొచ్చి, గడ్డ తీసేశామని, చూసినంతవరకు పక్కకు పాకలేదని, మిగతా మందులు తర్వాత మొదలుపెడతామని చెప్పి పోయాడు. అప్పుడు నేను ఏడ్చాను. ఆమె కోసం ఏడ్చాను, మా అమ్మ కోసం కూడా.

సాయంత్రం ఆమెకు తెలివొచ్చింది. కళ్లు తెరిచి భర్తను చూసింది, నన్ను చూసింది. ఏమైందని అడగలేదు. దుప్పటి కింద నుంచి ఎడమ చెయ్యి బయటికి తీసి నా వైపు చాపింది. నేను తాడు విప్పి ఆమె మణికట్టుకు రెండు చుట్లు చుట్టి కట్టాను. ముడి గట్టిగా పడిందో లేదో కుడిచేత్తో ఒకసారి లాగి చూసుకుని, మళ్లీ కళ్లు మూసుకుంది.